‘ఆనీ జాన్’ నవలలో తల్లి చేసిన తప్పేమిటి?

చిత్తరువు

జమైకా కిన్‌కెయిడ్ రాసిన ‘ఆనీ జాన్’ చదివినవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? 1985లో వచ్చిన చిన్న నవల, ఎనిమిది అధ్యాయాలు. కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా దీవిలో ఒక అమ్మాయి పదేళ్ళప్పటి నుంచి పదిహేడేళ్ళ దాకా ఎలా పెరిగిందో తనే చెప్పుకుంటూ పోతుంది. తండ్రి వడ్రంగి, నెమ్మదస్తుడు. తల్లి ఇంటిని ఒద్దికగా నడిపే మనిషి. ఒక్కతే కూతురు. తిండికీ బట్టకీ లోటు లేదు, ఇంట్లో తాగుడు లేదు. అయినా పుస్తకం సగానికి వచ్చేసరికి ఆ పిల్లకి తల్లి గొంతు వింటేనే ఒళ్ళు మండుతూ ఉంటుంది.

మొదట్లో ఇద్దరిదీ ఒకే ప్రాణం. కలిసి స్నానం చేస్తారు. ఒకే తానులో గుడ్డ కత్తిరించి తల్లి ఇద్దరికీ బట్టలు కుడుతుంది. ఆనీకి పన్నెండేళ్ళు వచ్చాక ఒకరోజు గుడ్డ కొనడానికి వెళ్తారు. పసుపు రంగు మీద పాతకాలం మగవాళ్ళు కూర్చుని పియానోలు వాయిస్తున్న బొమ్మలున్న గుడ్డ పిల్లకి నచ్చుతుంది, ఇద్దరికీ ఇదే తీసుకుందాం అంటుంది. తల్లి వద్దంటుంది. ఇక నీ బట్టలు నీకుండాలి, బతుకంతా చిన్న సైజు నాలా తిరగలేవు కదా అంటుంది. అక్కడితో అంతా తారుమారు.

ఆ తల్లి అన్నదాంట్లో అబద్ధం ఏముంది? ఏ తల్లయినా ఎప్పుడో ఒకప్పుడు అనాల్సిన మాటే కదా? అలాంటప్పుడు ఈ నవల చదువుతుంటే ఆ తల్లి మీద నాకు అంత కోపం ఎందుకొచ్చింది? రెండు రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. మీరేమంటారో చెప్పండి.

అలకనంద

చిత్తరువు గారూ, కోపం మీకు రాలేదు, ఆనీకి వచ్చింది. పుస్తకం మొత్తం ఆ పిల్ల కళ్ళతోనే చూస్తాం కాబట్టి ఆమె కోపం మనకి అంటుకుంటుంది. తల్లి మనసులో ఏముందో రచయిత్రి ఒక్క వాక్యంలో కూడా చెప్పదు. ఆ గుడ్డల కొట్లో నిలబడి ఆ మాట అనేటప్పుడు తల్లికి గొంతు వణికిందా, లేక తేలిగ్గా అనేసిందా? మనకి తెలీదు. తెలిసేదల్లా పిల్లకి కాళ్ళ కింద భూమి జారిపోయిందని మాత్రమే.

నా లెక్కలో తల్లి తప్పు ఏమీ లేదు. ఇంత దగ్గరగా పెంచిన పిల్లని దూరం జరపడం ఎలాగో ఆమెకి ఎవరూ నేర్పలేదు, అంతే.

మధ్యాహ్నం చదువు

అలకనంద గారితో ఏకీభవించను. దూరం జరపడం ఒకటి, దూరం జరిపి మళ్ళీ మెడ పట్టుకుని ఉండడం ఇంకొకటి. ఈ తల్లి రెండూ ఒకేసారి చేస్తుంది. నీ దారి నీది అంటుంది, మళ్ళీ ఆ దారిలో ప్రతి అడుగూ తనే నిర్ణయిస్తుంది. మర్యాదలు నేర్చుకోమని ఒకచోటికి పంపుతుంది, పియానో నేర్చుకోమని ఇంకోచోటికి పంపుతుంది. పిల్ల రెండు చోట్లా నిలవదు.

గోళీల సంగతి గుర్తుందా? నాలుగో అధ్యాయంలో ‘ఎర్ర పిల్ల’ అని ఆనీ పిలుచుకునే స్నేహితురాలు వస్తుంది. తల దువ్వుకోదు, రోజూ స్నానం చేయదు, మగపిల్లల్లా చెట్లెక్కుతుంది. ఆనీ కోరుకునే స్వేచ్ఛంతా ఆ పిల్లలో ఉంటుంది. ఆమె సావాసంలో గోళీలాట మొదలుపెట్టి, గెలిచిన గోళీలన్నీ ఇంటి కింద దాచుకుంటుంది. తల్లికి అనుమానం వచ్చి రోజుల తరబడి వెతుకుతుంది, దొరకవు. అప్పుడు ఏం చేస్తుంది? తన చిన్నప్పటి కథ ఒకటి చెప్తుంది. తోట నుంచి పచ్చి అరటిగెల నెత్తిన పెట్టుకుని అంత దూరం నడిచి వస్తే, దించాక అందులోంచి నల్లపాము బయటికి వచ్చిందట. ఆ కథ వింటూ పిల్ల కరిగిపోతుంది. నా తల్లి ఎంత కష్టపడిందో అనుకుని గోళీలు ఎక్కడున్నాయో చెప్పేయబోతుంది. సరిగ్గా ఆ క్షణంలో తల్లి తియ్యని గొంతుతో ‘మరి నీ గోళీలెక్కడమ్మా’ అని అడుగుతుంది. పిల్ల తేరుకుని, తను గోళీలే ఆడనని అంతే తియ్యగా జవాబిస్తుంది.

తన జ్ఞాపకాన్ని ఎరగా వేసి కూతురి రహస్యం లాగబోయిన తల్లిని నేను సమర్థించలేను.

సుజన టీచర్

ఎంత బాగా గుర్తుపెట్టుకున్నారండీ. నాకు ఆ ఘట్టంలో ఇంకోటి కనిపించింది. అబద్ధం చెప్పడం కూడా పిల్ల తల్లి దగ్గరే నేర్చుకుంది. ఆ రోజు ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడతారు. బట్టలు వేరయ్యాయి గానీ మాటతీరు మాత్రం ఒక్క తానులోదే.

అలాగే మూడో అధ్యాయంలో స్కూలు వ్యాసం మీద ఎవరైనా రాస్తారేమోనని చూస్తున్నాను. నాకు నవల మొత్తానికి అదే ఆయువుపట్టు.

కొత్త పాఠకుడు

నేను ఇంకా రెండో అధ్యాయం దగ్గరే ఉన్నాను. కథ చెప్పేస్తున్నారు కాబట్టి చదవాలా ఆగాలా అని టెన్షన్‌గా ఉంది. అయినా ఒక సందేహం. తల్లి చెయ్యి గురించి అంత రాయడం ఎందుకు? ఆదివారం బడి నుంచి బహుమతి పత్రం పట్టుకుని పిల్ల ఇంటికి వస్తుంది, అమ్మానాన్నలు మంచం మీద ఉంటారు, తండ్రి వీపు మీద తల్లి చెయ్యి గుండ్రంగా తిరుగుతుంటుంది. ఆ చెయ్యి తెల్లగా, ఎముకలు తేలి, ఎప్పుడో చచ్చిపోయినదానిలా ఉందంటుంది. అది ఈర్ష్య అని అర్థమైంది గానీ చావు పోలిక ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు.

అలకనంద

మీరు చదవండి, ఫర్వాలేదు. ఈ పుస్తకంలో తర్వాత ఏం జరుగుతుందా అన్న ఆత్రుత ముఖ్యం కాదు. జరిగినదాన్ని ఆ పిల్ల ఎలా చూసిందన్నదే అంతా.

మీ ప్రశ్నకి జవాబు మొదటి అధ్యాయంలోనే ఉంది. పదేళ్ళ ఆనీకి చావుల మీద వింత ఆకర్షణ, దూరంగా శ్మశానంలో జరిగేవి చూస్తూ ఉంటుంది. తెలిసినవాళ్ళ చిన్నపిల్ల ఒకతి జ్వరంతో ఆనీ తల్లి చేతుల్లోనే ప్రాణం విడుస్తుంది. ఆ పిల్లకి స్నానం చేయించి బట్టలు తొడిగింది ఆనీ తల్లే, శవపేటిక చేసింది తండ్రి. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆనీ తల్లి చేతుల్ని తాకలేకపోతుంది, ఆ చేత్తో పెట్టింది తినలేకపోతుంది. అంటే తనకి రోజూ స్నానం చేయించే చేతులే చచ్చిపోయిన పిల్లకీ చేయించాయి. భయం అప్పుడే పడింది. రెండేళ్ళ తర్వాత తండ్రి వీపు మీద ఆ చేతిని చూసినప్పుడు అది మళ్ళీ లేచింది.

కిన్‌కెయిడ్ ఇలాంటివి ఎక్కడా విప్పి చెప్పదు. రెండు చోట్ల ఒకే చెయ్యి పెట్టి వదిలేస్తుంది.

పడవ ప్రయాణం

మంచి చర్చ. నేను కొంచెం వేరే వైపు నుంచి వస్తాను. ఈ నవలని తల్లీకూతుళ్ళ కథగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. ఆంటిగ్వా అప్పటికి బ్రిటిష్ వాళ్ళ పాలనలో ఉంది. స్వాతంత్ర్యం వచ్చింది 1981లో, అంటే ఈ పుస్తకం రావడానికి నాలుగేళ్ళ ముందు. ఆనీ చదివే బడిలో ఇంగ్లండు పద్ధతులు, ఇంగ్లండు పాఠాలు. ఆమెకి బాగా ఇష్టమైన నవల ‘జేన్ ఐర్’. దాన్ని రాసిన షార్లెట్ బ్రాంటీ కొంతకాలం బెల్జియంలో ఉందని చదివి, తల్లికి దూరంగా తను కూడా బెల్జియంలో ఒంటరిగా బతుకుతున్నట్టు కలలు కంటుంది.

చరిత్ర పుస్తకంలో కొలంబస్‌ను సంకెళ్ళతో ఓడలో కూర్చోబెట్టిన బొమ్మ చూసి ఆ పిల్ల సంబరపడుతుంది. బొమ్మ కింద, గొప్పవాడు ఇక లేచి తన ఇష్టానికి వెళ్ళలేడు అని అర్థం వచ్చే మాట రాస్తుంది. టీచరుకి దొరికిపోతుంది. శిక్ష ఏమిటంటే మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ మొదటి రెండు భాగాలు చేత్తో ఎక్కించాలి. తన పూర్వీకుల్ని బానిసలు చేసిన చరిత్రని వెక్కిరించినందుకు ఇంగ్లిషు కావ్యం నకలు రాయాలన్నమాట.

తల్లి కూడా ఆ ఇంగ్లండుకి ఇంట్లో ప్రతినిధి. మర్యాదలు, పియానో, నడక, ఒద్దిక. అందుకే కూతురు ఆమె మీద తిరగబడుతుంది. తల్లి మీద కోపం, పాలించే దేశం మీద కోపం రెండూ ఒకటే.

సుజన టీచర్

పడవ ప్రయాణం గారూ, కొలంబస్ అధ్యాయం గురించి చెప్పింది బాగుంది, కానీ చివరి మాట దగ్గర ఆగాలి. తల్లిని ఇంగ్లండు చేసేస్తే మనిషి మాయమైపోతుంది. ఈ తల్లి పక్కనున్న డొమినికా దీవి నుంచి వచ్చింది. పిల్లకి దిష్టి, చేతబడి తగలకుండా బెరళ్ళు, పూలు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించేది ఆమే. ‘ఓబియా’ అనే ఆ నాటు వైద్యంలో ఆమెకి పూర్తి నమ్మకం.

ఇంకో సంగతి. ఆ కొలంబస్ బొమ్మ కింద రాసిన మాట ఎక్కడిది? కాళ్ళు పనిచేయక మంచాన పడ్డ తన తండ్రి గురించి ఉత్తరం వచ్చినప్పుడు ఆనీ తల్లి నవ్వుతూ అన్న మాట అది! ఆ ముసలాయన పెత్తనం భరించలేకే ఆమె ఇల్లు వదిలింది. అంటే కూతురు కొలంబస్ మీద విసిరిన రాయి తల్లి చేతిలోంచి తీసుకున్నదే. పాలించేవాళ్ళ వైపు తల్లి, ఎదిరించేవాళ్ళ వైపు కూతురు అని గీత గీయడానికి నవల ఒప్పుకోదు.

పడవ ప్రయాణం

ఆ మాట తల్లిదన్నది నిజమే, నేను ప్రస్తావించి ఉండాల్సింది. కానీ అదే అధ్యాయం చివర చూడండి. శిక్ష పడి, ఏడుపు మొహంతో పిల్ల ఇంటికి వస్తే ఓదార్పు దొరకదు. పిల్లకి ఇష్టంలేని బ్రెడ్‌ఫ్రూట్ అనే పనసజాతి కాయను తల్లి గుజ్జు చేసి అన్నం మెతుకుల్లా కనిపించేలా వండి పెడుతుంది, ఇది కొత్తరకం బియ్యం అని చెప్పి తినిపిస్తుంది. నిజం తెలిశాక తల్లి నవ్వుతుంటే పిల్లకి ఆమె మొసలిలా కనిపిస్తుంది. బడిలో చరిత్ర పేరుతో ఒకటి చూపించి ఇంకోటి మింగిస్తున్నారు, ఇంట్లో అన్నం పేరుతో అదే జరుగుతోంది. రచయిత్రి ఈ రెండింటినీ ఒకే అధ్యాయంలో పెట్టింది ఊరికే కాదు కదా.

మధ్యాహ్నం చదువు

ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఆ అధ్యాయానికి వేరే ముగింపు ఉండదు.

సుజన గారూ, స్కూలు వ్యాసం గురించి రాయండి. మీరు రాస్తేనే బాగుంటుంది.

సుజన టీచర్

సరే, కొంచెం పొడవుగానే రాస్తాను.

కొత్త బడిలో మొదటిరోజు టీచరు అందరినీ తమ గురించి వ్యాసం రాయమంటుంది. ఆనీ రాసింది ఇది. చిన్నప్పుడు తల్లితో సముద్రానికి వెళ్ళేది. తనకి ఈత రాదు, లోపలికి వెళ్ళాలంటే తల్లి వీపు మీద, మెడ చుట్టూ చేతులు వేసి పట్టుకుని వెళ్ళాలి. ఒకసారి ఒడ్డున కూర్చుని ఏవో ఓడలు చూస్తూ తల ఎత్తేసరికి తల్లి కనబడదు. చివరికి దూరంగా ఒక రాతి మీద కూర్చుని కనిపిస్తుంది. ఎంత పిలిచినా, చేతులూపినా తల్లి ఇటు చూడదు. మధ్యలో నీళ్ళు. పిల్ల ఏడుస్తూ ఉండిపోతుంది. తల్లి తిరిగొచ్చాక ఎందుకేడ్చావో తెలుసుకుని, ఎప్పటికీ నిన్ను వదలనని చెప్పి ముద్దు చేస్తుంది. తర్వాత అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ కలలోకి వస్తుంది. తల్లికి చెప్తే ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, కూతుర్ని దగ్గరికి తీసుకుని మళ్ళీ అవే మాటలు చెప్తుంది. క్లాసులో అందరూ కన్నీళ్ళు పెట్టుకుంటారు, టీచరు మెచ్చుకుంటుంది.

అప్పుడు ఆనీ మనకి మాత్రం నిజం చెప్తుంది. ఆ ఆఖరి భాగం అబద్ధం. కల గురించి చెప్పినప్పుడు తల్లి దగ్గరికి తీసుకోలేదు. పడుకునే ముందు పచ్చికాయలు తింటే ఇలాంటి కలలే వస్తాయని మందలించి వదిలేసింది.

ఒకసారి ఆలోచించండి. పన్నెండేళ్ళ పిల్ల తన తల్లిని నలుగురి ముందు కాపాడింది. అమ్మ నన్ను పట్టించుకోలేదని రాయడానికి మనసొప్పక అమ్మని తను కోరుకున్నట్టు రాసుకుంది. ద్వేషం అంటున్నాం గానీ, ద్వేషించే పిల్ల అలా రాయదు. ఆమెలో రచయిత పుట్టింది కూడా ఆ వ్యాసంలోనే అని నాకు అనిపిస్తుంది. అబద్ధపు ముగింపు ఒకటి రాసి, అది అబద్ధమని ఇంకోచోట నిజం చెప్పడం. కిన్‌కెయిడ్ ఈ నవలలో చేసిన పని మొత్తం అదే.

ఆ సముద్రపు దృశ్యంలో తల్లి ఒక్కతే, తనలో తను, హాయిగా ఉంది. పిల్ల తట్టుకోలేనిది అదే. తల్లికి తను లేని లోకం ఒకటి ఉందని.

చిత్తరువు

సుజన గారూ, ఇది చదివి పుస్తకం మళ్ళీ తీశాను. మీరు చెప్పిన ఆ ఆఖరి సంగతి నా ప్రశ్నకి చాలా దగ్గరగా వచ్చింది. తల్లికి తను లేని లోకం ఉండడం, అదే ఆమె చేసిన తప్పు. ఆ పిల్ల లెక్కలో.

మధ్యాహ్నం చదువు

అంత సున్నితంగా వదిలేయకండి. ఆరో అధ్యాయంలో తల్లి చేసింది మరీ దారుణం. బడి నుంచి వస్తూ దారిలో చిన్నప్పటి ఆటల స్నేహితుడు కనిపిస్తే ఆనీ ఆగి మాట్లాడుతుంది. పక్కనున్న అబ్బాయిలు ఆమెని చూసి నవ్వుతారు, అవమానంతో ఇంటికొస్తుంది. తల్లి దూరం నుంచి చూసిందంతా పెట్టుకుని, మగపిల్లల ముందు ఎలా ప్రవర్తించావో అని బజారుమనిషిని అనే మాట తన భాషలో అనేస్తుంది, ఒకసారి కాదు, పదేపదే. పదిహేనేళ్ళ పిల్లని. ఇందులో పిల్ల చూపు తేడా ఏముంది? ఆ మాట ఎవరి చెవిన పడినా ఆ మాటే.

అలకనంద

ఆ మాట తప్పే. దానికి సమర్థన లేదు, ఇవ్వను కూడా. కానీ తర్వాతి నిమిషం చూడండి. తల్లిని బట్టే కూతురు అని ఆనీ తిప్పికొడుతుంది. గది నిశ్శబ్దమైపోతుంది. తల్లి అలసిపోయినట్టుగా, ఈ క్షణం దాకా లోకంలో అందరికంటే నిన్నే ఎక్కువ ప్రేమించానని నాకు గట్టిగా తెలుసు అని చెప్పి వెనక్కి తిరుగుతుంది. నవల మొత్తంలో తల్లికి గాయం తగలడం మనం చూసేది ఇక్కడే. పిల్ల వెంటనే మనసులో పశ్చాత్తాపపడుతుంది, కానీ నోరు తెరవదు. వాళ్ళిద్దరిలో ఎవరు ముందు ఒక్క మాట తగ్గి మాట్లాడినా కథ వేరేలా ఉండేది.

ఆ రాత్రే తండ్రి ఏం కావాలని అడిగితే కొత్త పెట్టె ఒకటి చేసిపెట్టమంటుంది. ఆ పెట్టె గురించి ఎవరూ మాట్లాడలేదేంటి?

రమణీయం

నేను మాట్లాడతాను, ఇందాకటి నుంచి దానికోసమే చూస్తున్నాను.

తల్లి పదహారేళ్ళప్పుడు తన తండ్రితో గొడవపడి, పెట్టె సర్దుకుని డొమినికా వదిలి పడవెక్కింది. దారిలో తుఫాను. ఆ పెట్టెలోనే తర్వాత ఆనీ చిన్నప్పటి వస్తువులన్నీ దాచింది. రెండో అధ్యాయంలో అత్యంత ఆనందంగా ఉండే భాగం తల్లి ఆ పెట్టె తెరిచి ఒక్కో వస్తువూ తీసి, ఇది నీకు ఎప్పుడు తొడిగాను, అప్పుడు నువ్వేం చేశావు అని కథలు చెప్పడం. ఆనీ తన గురించి తను తెలుసుకున్నదంతా ఆ పెట్టెలోంచి, తల్లి నోటి నుంచి.

అలాంటి పిల్ల నాకు నా పెట్టె కావాలి అంటే అర్థం ఏమిటి? ఇక నా కథ నేను దాచుకుంటాను అని. కానీ ఆ పని తల్లి ఎప్పుడో చేసింది! అదే వయసు, అదే పెట్టె, అదే పడవ. తల్లిలా ఉండకూడదని ఆ పిల్ల చేసే ప్రతి పనీ తల్లి చేసిందే. ఆ తల్లి కూతురి మొహంలో పదహారేళ్ళ తనని చూసుకుని భయపడిందని నా నమ్మకం. తండ్రి మీద తిరగబడి ఇల్లు వదిలిన మనిషికి, పిల్ల గోళీలు దాచుకుంటే అది ఎక్కడికి దారితీస్తుందో తెలియకుండా ఉంటుందా?

కొత్త పాఠకుడు

ఏడో అధ్యాయం దాకా చదివేశాను. ఆ వాన, ఆ జబ్బు. మూడు నెలలకు పైగా ఆనీ మంచంలోనే ఉంటుంది, డాక్టరుకి ఏ రోగమో అంతుపట్టదు. ఫోటోల సంగతి చదివాక పుస్తకం కాసేపు పక్కన పెట్టాల్సి వచ్చింది. మంచం పక్కనున్న ఫోటోలన్నీ జ్వరంలో సబ్బునీళ్ళతో కడిగేస్తుంది. ఒక పెళ్ళి ఫోటోలో అందరి మొహాలూ పోయి తనది మాత్రం మిగులుతుంది. అమ్మానాన్నల ఫోటోలో నడుము కింది భాగం పోతుంది. తను ఒక్కతే ఉన్న ఫోటోలో మాత్రం మనిషి మొత్తం చెరిగిపోయి చెప్పులు మిగులుతాయి. చెప్పులే ఎందుకు?

రమణీయం

అవి తల్లి వద్దన్న చెప్పులు. చర్చికి అలాంటివి వేసుకోకూడదని ఇద్దరికీ పెద్ద గొడవ జరిగింది. ఆ ఫోటోలో తనదంటూ ఎంచుకున్నది అదొక్కటే. అందుకే మిగిలింది.

అలకనంద

జబ్బు అధ్యాయంలో నాకు మనసు కలుక్కుమన్నది మందుల అలమర దగ్గర. డాక్టరు ఇచ్చిన మందులు, ఓబియా వైద్యురాలు ఇచ్చిన సీసాలు తల్లి పక్కపక్కనే పెడుతుంది. తండ్రికి అది నచ్చదు. అప్పుడు డాక్టరు మందులు ముందుకి, నాటు మందులు వెనక్కి సర్దుతుంది. తీసేయదు. ఆ ఇంట్లో ఆమె బతుకంతా ఆ సర్దుబాటులో కనిపించింది నాకు.

పిల్ల చివరికి కోలుకునేది అమ్మమ్మ వచ్చాకే. ఓడ రావాల్సిన రోజు కాకపోయినా అమ్మమ్మ డొమినికా నుంచి దిగుతుంది. ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. స్నానం చేయిస్తుంది, తినిపిస్తుంది, రాత్రుళ్ళు పిల్ల వెనకే ముడుచుకుని పడుకుంటుంది. ఏమీ అడగదు. తల్లి ఇవ్వలేకపోయిన చిన్ననాటి ఒడిని తల్లికి తల్లి వచ్చి ఇచ్చిందన్నమాట. లేచి నిలబడ్డాక చూస్తే ఆనీ తల్లికంటే పొడవు ఎదిగింది.

పడవ ప్రయాణం

రచయిత్రి జీవితం తెలిస్తే ఇది ఇంకా లోతుగా తగులుతుంది. ఆమె 1949లో ఆంటిగ్వాలో పుట్టింది, అసలు పేరు ఎలైన్ పాటర్ రిచర్డ్‌సన్. తొమ్మిదేళ్ళ వయసు దాకా ఒక్కతే సంతానం, తర్వాత వరసగా తమ్ముళ్ళు పుట్టారు, తల్లి ప్రేమ అక్కడితో తనకి తగ్గిపోయిందని ఇంటర్వ్యూల్లో చాలాసార్లు చెప్పింది. టీనేజీలోనే ఇల్లు వదిలి అమెరికాలో ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళింది. 1973లో పేరు మార్చుకుంది, తను రాస్తున్నట్టు ఇంట్లోవాళ్ళకి తెలియకూడదని.

నవలలో మాత్రం తమ్ముళ్ళు లేరు. ఆనీ ఆఖరి దాకా ఒక్కతే కూతురు. నాకు అది చాలా పెద్ద నిర్ణయంగా తోస్తుంది. తమ్ముళ్ళని పెడితే తల్లి దూరం కావడానికి కారణం దొరికిపోయేది, చదివేవాళ్ళు హమ్మయ్య అనుకునేవాళ్ళు. ఆ కారణాన్ని తీసేసి దూరాన్ని మాత్రం ఉంచింది.

చిత్తరువు

ఇదీ నాకు కావాల్సిన జవాబు. కారణం లేకపోవడమే ఈ పుస్తకంలో బాధ. కారణం ఉంటే ఆ తల్లిని క్షమించడమో తిట్టడమో చేసి బయటపడేదాన్ని.

ఇక మిగిలింది ఆఖరి అధ్యాయం. నర్సు చదువు పేరుతో ఆనీ ఇంగ్లండుకి బయల్దేరుతుంది. నర్సు కావాలని ఆమెకి ఏమీ లేదు, ఇక్కడి నుంచి పోవాలి, అంతే. ఓడ మీద తల్లి ఊపిరాడనంత గట్టిగా హత్తుకుని, నువ్వెక్కడికి వెళ్ళినా నేనే నీ తల్లిని, ఇదే నీ ఇల్లు అంటుంది. ఆనీ ఒక్కసారిగా విడిపించుకుని వెనక్కి జరుగుతుంది. ఆ మాట దీవెనా, పట్టు వదలనన్న హెచ్చరికా?

మధ్యాహ్నం చదువు

హెచ్చరికే. ఆనీ మొహంలో నవ్వు ఉంటుంది గానీ మనసులో అనుమానం మొదలవుతుంది. ఆ కౌగిలి కూడా అలాంటిదే.

సుజన టీచర్

నాకు అది ఎనిమిది అధ్యాయాలుగా ఆ పిల్ల వినాలనుకున్న మాట. సముద్రపు ఒడ్డు వ్యాసంలో తల్లి నోట పెట్టి తను రాసుకున్న అబద్ధపు మాట ఏమిటి? నిన్ను ఎప్పటికీ వదలను అని. ఇప్పుడు తల్లి నిజంగానే దాదాపు అదే అంది. వినేసరికి ఆ పిల్లకి దాని అవసరం తీరిపోయింది, లేదా తీరిపోయిందని అనుకుంటోంది.

రమణీయం

తీరలేదు. 1990లో వచ్చిన ‘లూసీ’ చదవండి. పేరు వేరు, కానీ దీవి వదిలి అమెరికా వెళ్ళిన అమ్మాయి కథ. తల్లి నుంచి వచ్చే ఉత్తరాలు విప్పకుండా పెట్టుకుంటుంది. దానికి వేరే చర్చ మొదలుపెడుతున్నాను, అక్కడికి రండి. కొత్త పాఠకుడు గారూ, మీరు ఆఖరి అధ్యాయం పూర్తి చేశాకే రండి.